గార్‌ఫిట్‌ల మంచం

ఆదివారం ప్రార్థన అయిపోగానే ఎనిడ్ గార్‌ఫిట్ చర్చి వెనక సమాధుల తోటలోకి వెళ్ళి, మొగుడి సమాధి పక్కన మడత కుర్చీ వేసుకుని, ఫ్లాస్కులోంచి టీ పోసుకుని తాగేది. కుర్చీ వేసిన ఆ చోటు ఆవిడదే. అంటే, రేప్పొద్దున పోతే ఆవిణ్ణి పెట్టబోయే చోటు. ఎవరైనా వింతగా చూస్తే "నా స్థలంలో నేను కూర్చుంటే మీకేం నొప్పి?" అనేది. పెల్‌స్టోక్‌లో జనం ఎదుటివాళ్ళ పనుల్లో తలదూర్చరు. ఇంటికెళ్ళాక మాట్లాడుకుంటారు, అంతే.

పక్కన పడుకున్నది రూబెన్. ఆయన బతికినన్నాళ్ళూ కంచెలు అల్లాడు, కాలవలు తవ్వాడు, మాట్లాడలేదు. మూగవాడేం కాదు. మాట్లాడాల్సిన అవసరం ఆయనకెక్కడా కనపడలేదు, అంతే. నన్ను పెళ్ళి చేసుకుంటావా అని ఎనిడ్‌ని కూడా ఆయన అడగలేదు. ఒకరోజు వాళ్ళింటి కంచె బాగుచెయ్యడానికి వచ్చి, పని అయిపోయినా వెళ్ళకుండా గేటు దగ్గర నిలబడ్డాడు. చివరికి ఎనిడ్ తల్లే విసుగెత్తి, "ఏమే, అతగాణ్ణి చేసుకుంటావో, పంపించేస్తావో ఏదో ఒకటి తేల్చు, నేను తలుపేసుకోవాలి" అంది. అలా కుదిరింది ఆ సంబంధం. నలభై ఏళ్ళ పైచిలుకు కాపురం. పిల్లల్లేరు. ఆయన పోయి ఆరేళ్ళయింది. ఇంట్లో నిశ్శబ్దం అంతకుముందు కన్నా పెద్ద ఎక్కువేం కాలేదని ఎనిడ్ అందరితో అనేది. అది అబద్ధం.

పెల్‌స్టోక్ నేల సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. నాలుగడుగులు తవ్వితే సున్నపురాయి తగులుతుంది. వేరే ఊళ్ళలోలాగా మొగుడూ పెళ్ళాలను ఒకే గోతిలో కిందా మీదా పెట్టడం ఇక్కడ కుదరదు. పక్కపక్కనే పెట్టాలి. అందుకే రూబెన్ పక్కన ఆ కాస్త పచ్చగడ్డి మీద ఎనిడ్‌కి అంత పట్టు. ఆ చోటు కాగితం మీద రాయించుకోవాలని ఆవిడకు తోచలేదు. కుర్చీ వేస్తే చాలనుకుంది.

ఆ కుర్చీ దగ్గరికే ఒక ఆదివారం చర్చి పెద్ద క్రాస్‌లాండ్ వచ్చాడు. నగరంలో సర్వే ఆఫీసులో పనిచేసి, రిటైరై, ఈ ఊళ్ళో ఇల్లు కొనుక్కున్నాడు. చెడ్డవాడని అనడానికి లేదు. చర్చి పైకప్పు కారుతుంటే నిచ్చెనెక్కి స్వయంగా చూసిన మనిషి. కాకపోతే ఆయనకు మ్యాపులంటే పిచ్చి. కొందరు కుక్కను వెంటేసుకుని తిరిగినట్టు ఆయన మ్యాపు చంకలో పెట్టుకుని తిరుగుతాడు.

"మిసెస్ గార్‌ఫిట్, ఒక్క నిమిషం. కొంచెం ఇబ్బందికరమైన విషయం."

"ఇబ్బంది మీదా, నాదా?"

"మీదేనండీ" అన్నాడు ఆయన నిజాయితీగా. "తోట నిండిపోతోంది. ఇంకో ఏడెనిమిది చోట్లున్నాయంతే. మన పేరిష్‌లో, అంటే మన చర్చి కిందికొచ్చే పొలిమేరలో, ఇల్లున్నవాళ్ళకే ఇవ్వాలని కమిటీ అనుకుంటోంది. మ్యాపులో చూస్తే మీ ఇల్లు పెల్‌స్టోక్‌లో లేదు. హిక్‌బీ పేరిష్‌లో ఉంది."

ఎనిడ్ టీ కప్పు కింద పెట్టింది. "నలభై ఏళ్ళ నుంచి ఈ చర్చిలో నేల తుడుస్తున్నాను."

"తెలుసండీ. చాలా బాగా తుడుస్తారు."

"మా ఆయన్ని ఇక్కడే కదా పెట్టారు?"

"పాత పాస్టరుగారు పెట్టారు. ఆయన మ్యాపు చూశారో లేదో నాకు తెలీదు. అయినా మీరు దిగులు పడకండి. హిక్‌బీ వాళ్ళతో నేను మాట్లాడాను. అక్కడ బోలెడు జాగా ఉంది. మీ అత్తగారి పక్కనే ఖాళీ ఉందిట."

క్రాస్‌లాండ్ ఆ మాట మంచి కబురు చెబుతున్నట్టే చెప్పాడు. పాపం, ఆయనకు కెజియా గార్‌ఫిట్ తెలీదు. ఎనిడ్‌కి తెలుసు. పద్నాలుగేళ్ళు ఒకే పొయ్యి దగ్గర ఆవిడతో వేగింది. కెజియా కోడలు చేసిన గ్రేవీని చెంచాతో పైకెత్తి, కిటికీ వెలుగులో పెట్టి చూసేది. ఏమీ అనేది కాదు. చూసేది. పోయే రోజున కూడా దిండు మీంచి తలెత్తి కర్టెన్లు సరిగా ఉతికారా లేదా అని చూసి, తల దించి, పోయింది. అలాంటి మనిషి పక్కన లోకాంతం దాకా పడుకోవాలి. ఎనిడ్‌కి ఒళ్ళు మండిపోయింది.

"నేను చావను పొండి" అంది.

"అదొక మార్గమే" అన్నాడు క్రాస్‌లాండ్. తర్వాత కాస్త ఆలోచించి, "పోనీ, మ్యాపులో గీత సరిగ్గా మీ ఇంటి మీదే పడింది. ముందు గుమ్మం హిక్‌బీ రోడ్డు వైపుంది కాబట్టి అటు లెక్కేశాం. మీ ఆయన వంశం వాళ్ళు మొదట్నించీ పెల్‌స్టోక్ వాళ్ళేనని ఏదైనా ఆధారం చూపించండి. ఈస్టర్ పండగ తర్వాత కమిటీ కూర్చుంటుంది. నేనే మీ తరఫున మాట్లాడతాను" అన్నాడు.

అలా డెబ్భై నాలుగేళ్ళ వయసులో ఎనిడ్ వంశవృక్షం ఎక్కింది.

పాత చర్చి పుస్తకాలన్నీ పట్నంలో రికార్డుల ఆఫీసులో ఉంటాయి. గురువారం బస్సుంటుంది. మొదటిరోజు గుమ్మం దగ్గరే ఒకావిడ, పుస్తకాల మీద సిరా పడకూడదని ఎనిడ్ పెన్ను తీసేసుకుని పెన్సిలిచ్చింది. తర్వాత సంచీలో శాండ్‌విచ్‌లు కూడా తీసేసుకుంది. లోపల ఒక డజను మంది ముసలివాళ్ళు వాళ్ళ వాళ్ళ తాతముత్తాతలను వెతుక్కుంటూ ఎవరితో ఎవరూ మాట్లాడకుండా కూర్చున్నారు. రూబెన్ ఉంటే ఇక్కడ హాయిగా ఉండేవాడనుకుంది ఎనిడ్.

పాత పాస్టర్ల చేతిరాత కోడి గెలికినట్టుంది. నాలుగు గురువారాలు పోయాక ఆవిడకు అందులో ఏది అక్షరమో ఏది సిరా మరకో తెలియడం మొదలైంది. రూబెన్ ముత్తాత దొరికాడు. ఒబదయా గార్‌ఫిట్, కూలీ. భార్య పేరు మార్తా. కొడుకు ఎఫ్రాయిముకి పెల్‌స్టోక్ చర్చిలో బాప్తిస్మం. ఎనిడ్‌కి ప్రాణం లేచి వచ్చింది. చూశావా క్రాస్‌లాండూ, అనుకుంది.

తర్వాతి గురువారం, ఎందుకైనా మంచిదని హిక్‌బీ పుస్తకం కూడా తెప్పించుకుని చూసింది. అందులోనూ ఒబదయా గార్‌ఫిట్, కూలీ. భార్య మార్తా. కూతురు టామర్‌కి హిక్‌బీలో బాప్తిస్మం. ఆ పైన ఒక కొడుకు పెల్‌స్టోక్‌లో. ఇద్దరు హిక్‌బీలో. మళ్ళీ ఒకడు పెల్‌స్టోక్‌లో. మైలున్నర దూరంలో ఉన్న రెండు చర్చిల మధ్య ఆ మనిషి పిల్లల్ని చంకనేసుకుని అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాడు. ఎనిడ్ అన్నీ కాగితం మీద పెన్సిల్‌తో రాసుకుని, బస్సులో దారి పొడుగునా ఆ కాగితం కేసి చూస్తూ వచ్చింది.

పక్కింటి పెగ్గీకి చూపించింది. పెగ్గీ కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివింది.

"ఓసి నీ దుంపతెగ!" అంది. "రెండిళ్ళ కాపురం!"

"ఛ, నోర్ముయ్యి."

"మరేంటే? ఇక్కడ ఒకత్తె, అక్కడ ఒకత్తె. ముసలాడు గట్టివాడే."

"రెండు చోట్లా మార్తా అనే ఉంది కదే."

"అదే వాడి తెలివి. నిద్దట్లో పేరు మార్చి పిలిచేస్తే కొంప మునుగుతుందని, ఏరి కోరి ఇద్దరు మార్తాలను చూసుకున్నాడు."

పెగ్గీకి ఇంకేం కావాలి? సాయంత్రానికల్లా కబురు పబ్బులోకి వెళ్ళింది. పబ్బులోంచి పోస్టాఫీసుకు వెళ్ళింది. గార్‌ఫిట్‌లు అంటే కంచెలు అల్లుకునే జనం, గొడవల్లేని జనం అని అప్పటిదాకా ఊరి నమ్మకం. ఇప్పుడు ఎనిడ్ కొట్టుకు వెళితే జనం పక్కకు జరిగి దారిచ్చారు. మాంసం కొట్టాయన, ఎప్పుడూ తూకంలో వేలు పెట్టే మనిషి, ఆవిడకు ఒక సాసేజ్ ఎక్కువ వేసి, "మీ ఇంటాయన కూడా లోపల్లోపల అంతేనేమోనండీ. మాట్లాడని వాళ్ళను నమ్మకూడదు" అన్నాడు. ఎనిడ్ సాసేజ్ తిరిగి ఇచ్చేసింది. ఇంటికొచ్చాక ఇవ్వకుండా ఉండాల్సిందనుకుంది.

క్రాస్‌లాండ్ మాత్రం విషయాన్ని చాలా గంభీరంగా తీసుకున్నాడు.

"అయితే మిసెస్ గార్‌ఫిట్, మీ ఆయన పెల్‌స్టోక్ మార్తా సంతానమా, హిక్‌బీ మార్తా సంతానమా అన్నది ముందు తేలాలి. ఇంత గందరగోళం ఉంటే కమిటీ ఒప్పుకోదు. నిజం చెప్పాలంటే మీరు వెతక్కుండా ఉంటేనే బాగుండేది."

"మీరేగా వెతకమన్నది!"

"అవునండీ. దానికి నేను చింతిస్తున్నాను."

ఇక మిగిలింది జేబెజ్ బాబాయ్ ఒక్కడు. రూబెన్ తండ్రికి తమ్ముడు. తొంభై దాటాడు. హిక్‌బీలో ముసలివాళ్ళకు కట్టిన చర్చి ఇళ్ళలో చివరి గదిలో ఉంటాడు. ముందే ఆయన దగ్గరికి ఎందుకు వెళ్ళలేదయ్యా అంటే, ఆరేళ్ళ కిందట రూబెన్‌ని సమాధి చేసిన రోజు ఇంటికొచ్చి, అందరూ ఉండగా, ఎనిడ్ చేసిన పోర్క్ పై, అదే పంది మాంసం కూరి కాల్చిన పిండివంట, దాని అట్ట గట్టిగా ఉందన్నాడు. మొగుడు పోయిన రోజున ఆ మాట! ఎనిడ్ ఆ తర్వాత ఆయన మొహం చూడలేదు. ఇప్పుడు ఇంకో పై చేసి, గుడ్డలో చుట్టుకుని, హిక్‌బీ దాకా నడిచి వెళ్ళింది.

జేబెజ్ కిటికీ పక్కన కుర్చీలో ఉన్నాడు.

"వచ్చావా అమ్మాయ్. ఆరేళ్ళు పట్టింది నీకు."

"పై గట్టిగా ఉందన్నావుగా బాబాయ్."

"ఉందమ్మా. పన్ను ఊడింది. ఇదిగో, చూడు" అని నోరు తెరిచి చూపించాడు. "అది ఊడిందని నీకు చెప్పకూడదని అప్పుడు ఊరుకున్నా. నీ మనసు కష్టపడుతుందని."

"ఇది మెత్తగా ఉంటుందిలే. తిను."

ఆయన తిన్నాడు. ఏమీ అనలేదు. గార్‌ఫిట్‌లలో అది మెచ్చుకోలు. సగం పై అయ్యాక ఎనిడ్ మెల్లగా కాగితం తీసి, ఒబదయా సంగతీ, ఇద్దరు మార్తాల సంగతీ చెప్పింది. జేబెజ్ నవ్వడం మొదలుపెట్టి, నవ్వు దగ్గులోకి దిగి, దగ్గు ఆగాక కళ్ళు తుడుచుకున్నాడు.

"ఇద్దరా! మా తాతకా! ఒక్క మా నాన్నమ్మతోనే ఆయన చచ్చే చావు చచ్చాడే పిల్లా. ఇంట్లో ఉండలేక వానలో కూడా కంచెలు అల్లేవాడు. ఒక్కతే మార్తా. ఒక్కటే ఇల్లు. నువ్వున్నావే, ఆ ఇల్లే."

"మరి పిల్లలకి రెండు చర్చిలేంటి?"

"మంచం" అన్నాడు జేబెజ్.

ఎనిడ్ కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"ఆ ఇంటి మధ్యలోంచి పొలిమేర పోతుందమ్మా. వంటగది పెల్‌స్టోక్. వెనక గది హిక్‌బీ. మా చిన్నప్పుడు వసంతంలో పాస్టరుగారూ ఊరి జనమూ పొలిమేర తిరిగేవాళ్ళు, ఎల్ల ఎక్కడుందో మర్చిపోకుండా. మీ ఇంటి దగ్గరికొచ్చేసరికి గీత గోడలోంచి పోతుంది కదా. మనిషి గోడలోంచి పోలేడుగా. అందుకని మా పిల్లల్ని వంటగది కిటికీలోంచి లోపలికి తోసి, పెరటి గుమ్మంలోంచి బయటికి లాగేవాళ్ళు. గుర్తుండాలని కిటికీ చట్రానికేసి తల ఒక్కటి కొట్టేవాళ్ళు కూడా. నాకింకా గుర్తుందా లేదా? మరి! కిటికీ చెక్క మీద ఒక గాటు, పెరటి గడప మీద ఒక గాటు. ఆ రెండిటికీ మధ్య తాడు కడితే అదే పొలిమేర."

కిటికీ చెక్క మీద గాటు ఎనిడ్‌కి తెలుసు. జున్ను కోసేటప్పుడు రూబెన్ కత్తి పెట్టి పాడుచేశాడని పెళ్ళయిన కొత్తలో ఆయన్ని తిట్టింది. రూబెన్ కాదనలేదు. అప్పటినుంచీ దానిమీద జెరేనియం పూలకుండీ పెట్టింది.

"ఇంతకీ మంచం?"

"ఇల్లు రెండు పేరిష్‌లలో ఉంటే మనిషి ఏ పేరిష్‌వాడవుతాడు? ఎక్కడ పడుకుంటాడో ఆ పేరిష్‌వాడు. మంచం ఏ వైపుంటే ఆ వైపు. పాతకాలం పద్ధతి. అక్కడ పెల్‌స్టోక్‌లో బీదవాళ్ళకి రొట్టె పంచేవాళ్ళు. హిక్‌బీలో రొట్టె లేదు, బొగ్గు. ఇప్పుడు నువ్వే చెప్పు. చలికాలం వస్తే మంచం ఎటు లాగుతావ్?"

ఎనిడ్ కాగితం చూసుకుంది. టామర్, జనవరి, హిక్‌బీ. ఎఫ్రాయిము, జూన్, పెల్‌స్టోక్. పైనుంచి కిందిదాకా అదే వరస. చలికి పుట్టినవాళ్ళందరూ బొగ్గు పిల్లలు, ఎండకు పుట్టినవాళ్ళందరూ రొట్టె పిల్లలు.

"ఇద్దరు పాస్టర్లకీ తెలుసు" అన్నాడు జేబెజ్. "ఎవరూ నోరెత్తలేదు. మంచం లాగే ఓపిక ఉన్నవాడు లాక్కుంటాడు, మనకెందుకులే అని."

"మరి నేను కాపురానికి వచ్చినప్పటి నుంచీ మంచం వెనక గదిలోనే ఉందే?"

"అది మా కెజియా వదిన. ఉల్లిపాయలు."

కోతల పండగకి కెజియా నెలరోజులు కష్టపడి ఉల్లిపాయలను జడలా అల్లి పెల్‌స్టోక్ చర్చికి పట్టుకెళ్ళిందిట. అప్పటి పాస్టరుగారు వాసనొస్తోందని ఆ జడను స్తంభం వెనక పెట్టించారుట. ఇంకేముంది? కెజియా ప్రార్థన మధ్యలో లేచి, జడ మెళ్ళో వేసుకుని, ఇంటికొచ్చి, మొగుణ్ణి పొలంలోంచి పిలిపించి, మంచం హిక్‌బీలోకి లాగించింది. పొలిమేర తిరిగేవాళ్ళు ఆ ఏడు వస్తే, బురద కాళ్ళతో నా వంటింట్లోకి ఎవడొస్తాడో రండి చూస్తానని చీపురు పట్టుకుని నిలబడింది. ఆ ఆచారం అక్కడితో సరి.

"అంటే నేను ఇన్నేళ్ళూ ఆవిడ కోపంలో పడుకున్నానన్నమాట" అంది ఎనిడ్.

"మంచి గది మాత్రం అదేలే. ఎండొస్తుంది" అన్నాడు జేబెజ్. పై ముక్క ఇంకోటి తీసుకుని, "అవునూ, రూబెన్ మంచం జరపలేదూ?" అన్నాడు.

"జరిపాడు. చివర్లో. వంటగదిలోకి. వెచ్చగా ఉంటుందని."

"వెచ్చగానా" అన్నాడు జేబెజ్. మళ్ళీ తినడంలో పడ్డాడు.

హిక్‌బీ నుంచి ఇంటికి వచ్చేటప్పుడు ఎనిడ్ మధ్యలో గట్టు మీద కూర్చుండిపోయింది. కాళ్ళు నొప్పిపుట్టి కాదు.

రూబెన్ చనిపోయిన సంవత్సరం, సెప్టెంబరు నెల. గుండె బలహీనపడింది, ఇక మంచం దిగడని డాక్టరు చెప్పాడు. మర్నాడు ఆయన, "మంచం వంటగదిలో వేయించు" అన్నాడు. మామూలుగా నెలకు అన్ని మాటలు మాట్లాడే మనిషి కాదు. ఎనిడ్ సరేనని, అటక మీద మడత మంచం ఉంటే అది దింపబోయింది. "అది కాదు. పెద్దది" అన్నాడు. ఎనిడ్‌కి కోపం వచ్చింది. వంటగది ఎంతని? పెద్ద మంచం వేస్తే పొయ్యికీ బల్లకీ మధ్య పక్కకు తిరిగి నడవాలి. "ఒక్క మనిషికి అంత మంచం ఎందుకయ్యా?" అంది. "ఇద్దరం కదా" అన్నాడు రూబెన్.

ఇద్దరు మనుషులొచ్చి మంచం మోశారు. రూబెన్ కుర్చీలో కూర్చుని, ఊపిరాడక ఆయాసపడుతూనే, "ఇంకొంచెం ఇటు. ఇంకొంచెం" అని చేత్తో చూపిస్తూ వాళ్ళ ప్రాణం తీశాడు. "గోడకి చేరేసింది చాలదూ? ఏం చాదస్తం నీది!" అని ఎనిడ్ అందరి ముందూ కసిరింది. పాత పాస్టరుగారు చూడ్డానికొచ్చి, గుమ్మంలో నిలబడి, మంచం చూసి, "ఓహో, ఇద్దరూ ఇక్కడే పడుకుంటున్నారన్నమాట. మంచిది, మంచిది" అన్నారు. బేకన్ వాసనకి ఆకలేసి అలా అంటున్నారనుకుని ఎనిడ్ ఆయనకు రెండు ముక్కలు పెట్టింది. ఐదు వారాలు ఆ వంటగదిలోనే ఆయన పక్కన పడుకుంది. ఆయన పోయిన వారానికి, నడవడానికి అడ్డంగా ఉందని మంచం మళ్ళీ వెనక గదిలోకి వేయించింది. నేలమీద మంచం కోళ్ళ గుర్తులు చూడలేక చాప పరిచింది.

ఆయన చేతనైనట్టు పెళ్ళాన్ని పొలిమేర దాటించి పోతే, తను మంచం ఎత్తించుకుని తిరిగి అత్తగారి వైపు వెళ్ళింది. ఆరేళ్ళుగా అక్కడే పడుకుంటోంది. ఎనిడ్ ఆ గట్టు మీద కూర్చుని ఏడ్చింది. ఏడుస్తూనే ఆయన్ని తిట్టింది. అటుగా వచ్చిన గొర్రెలు ఆగి చూశాయి.

మర్నాడు పొద్దున్నే పెగ్గీని పిలిచి ఇద్దరూ కలిసి మంచం వంటగదిలోకి లాగారు. పెగ్గీ నడుం పట్టుకుని, "ఇద్దరు మార్తాలే నయమే. ఇంత చాకిరీ లేదు" అంది.

శనివారం క్రాస్‌లాండ్ తన కారులో జేబెజ్‌ని ఎక్కించుకుని వచ్చాడు. చేతిలో మ్యాపు, టేపు, సుద్దముక్క, దారం ఉండ. సంగతి విన్నప్పటి నుంచీ ఆయన మొహం వెలిగిపోతోంది. పొలిమేర ఇంట్లోంచి పోవడం ఆయన ఉద్యోగంలో ఎప్పుడూ చూడలేదుట. మ్యాపు బల్లమీద పరిచి భూతద్దంతో చూశాడు.

"అయ్యో, చూశారా! ఈ సిరా గీత మందం మీ ఇంటి కన్నా ఎక్కువుంది. దీన్ని పట్టుకునా నేను మీ ఇల్లు హిక్‌బీ అన్నాను? నన్ను క్షమించాలి."

"ముందు కొలవండి" అంది ఎనిడ్.

పూలకుండీ తీశారు. గాటు అలాగే ఉంది. పెరటి గడప మీద బురద గీకితే రెండోదీ కనపడింది. జేబెజ్ కిటికీ గాటుని వేలితో తడిమి చూసి, తల తడుముకున్నాడు. క్రాస్‌లాండ్ రెండిటికీ మధ్య దారం కట్టి బిగించాడు. దారం వంటగది లోపలి మూలను కోసుకుంటూ ఏటవాలుగా మంచం మీదుగా పోయింది.

క్రాస్‌లాండ్ కాసేపు దానికేసి చూసి గొంతు సవరించుకున్నాడు. "మిసెస్ గార్‌ఫిట్, తల పెల్‌స్టోక్‌లోనే ఉంది. నడుమూ ఉంది. కానీ పాదాలు ఒక అడుగు మేర హిక్‌బీలోకి వచ్చాయి. కమిటీలో ఎవరైనా అడిగితే..."

"అయితే పాదాలు కోసి అత్తగారి పక్కన పెట్టండి" అంది ఎనిడ్. "మిగతాది ఇక్కడ పెట్టండి."

క్రాస్‌లాండ్ నిజంగానే ఒక క్షణం ఆలోచించాడు. తర్వాత, "మంచం కొంచెం జరిపితే సరిపోతుందేమో. ముందు నేలమీద సుద్దగీత గీస్తాను. చాప మీద సుద్ద పడదు. ఇది తీయొచ్చా?" అన్నాడు.

ఎనిడ్ వద్దనబోయి ఊరుకుంది. మంచం ఓ పక్కకు జరిపారు. పెగ్గీ చాప చుట్టింది. కింద నేలకు అతికించిన లినోలియం షీటు మీద నాలుగు గుంటలున్నాయి. పెద్ద మంచం కోళ్ళ గుర్తులు. ఆరేళ్ళయినా పూడలేదు. క్రాస్‌లాండ్ మోకాళ్ళ మీద కూర్చుని దారం వెంట సుద్దగీత గీస్తూ వెళ్ళి, కాళ్ళ వైపు గుంట దగ్గర ఆగిపోయాడు. నాలుగు గుంటలూ పెల్‌స్టోక్‌లోనే ఉన్నాయి. చివరిది గీతకు వేలెడు దూరంలో ఉంది.

"ఇది ఎవరు కొలిచి పెట్టారండీ?" అన్నాడు. ఆయన గొంతులో ఒక సర్వేయరు ఇంకో సర్వేయరు గురించి అడుగుతున్న మర్యాద ఉంది.

"రూబెన్" అన్నాడు జేబెజ్ కుర్చీలోంచి. "మంచాన పడకముందు నా దగ్గరికొచ్చాడు వాడు. నడుచుకుంటూ, ఆ గుండె పెట్టుకుని. గాట్లు ఎక్కడున్నాయి బాబాయ్, అని అడిగాడు. ఏరా, మీ అమ్మ పక్కన పడుకోవడం ఇష్టం లేదా అన్నా. నాకెక్కడైనా ఒకటే బాబాయ్ అన్నాడు."

జేబెజ్ అక్కడ ఆగి, ఎనిడ్ కేసి చూశాడు.

"'ఎనిడ్‌కే, అమ్మతో పడదు' అన్నాడు."

ఎనిడ్ పొయ్యి వైపు తిరిగి కెటిల్ పెట్టింది. అందులో నీళ్ళు లేవు. పెగ్గీ ఆ సంగతి చూసింది కానీ, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నోరు మూసుకుంది. కాసేపటికి క్రాస్‌లాండ్ లేచి మోకాళ్ళు దులుపుకుని, మంచానికి ఒక చివర పట్టుకున్నాడు. పెగ్గీ ఇంకో చివర పట్టుకుంది. నాలుగు కోళ్ళూ నాలుగు గుంటల్లో కూర్చున్నాయి.

కమిటీ ఒప్పుకుంది. క్రాస్‌లాండ్ తన మ్యాపులో గీతను చెరిపి, సన్న పెన్సిల్‌తో మళ్ళీ గీసి, మంచం ఉన్నచోట ఒక చిన్న దీర్ఘచతురస్రం కూడా వేశాడుట. అలాంటివి మ్యాపులో వేయకూడదని ఆయనకు తెలుసుట, అయినా వేశాడుట. పెగ్గీ ఇద్దరు మార్తాల కథని వదులుకోలేక ఇప్పటికీ చెబుతూనే ఉంది.

వెనక గదిలో ఎనిడ్ ఉల్లిపాయలు ఆరబెట్టుకుంది. వంటగదిలో పొయ్యికీ బల్లకీ మధ్య పక్కకు తిరిగి నడుస్తోంది. మోకాలు కొట్టుకున్నప్పుడల్లా ఆయన్ని ఒక మాట అంటోంది.

ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక ఎప్పటిలాగే కుర్చీ వేసుకుని, టీ పోసుకుంది.

"నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా, మొద్దూ" అంది.

రూబెన్ ఎప్పటిలాగే ఏమీ అనలేదు. ఎనిడ్ కుర్చీ ఇంకొంచెం ఇటు, ఆయన వైపు, జరుపుకుని టీ తాగింది.